అడవి బాట – అఱచేతి తెఱ

ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు బాట సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెము వఱకు ఊళ్ళును, పొలములును, బొగ్గు గనులును కన్పట్టును. పాల్వంచ దాటిన పిమ్మట దారికి ఇరువైపుల చెట్లు దగ్గఱకు జరుగును. అట్లు చెట్లు దగ్గఱకు జరుగు చోటనే మా ఊరు. ఊరికి పడమట వరిచేలు, తూర్పున అడవి. నా బాల్యమంతయు ఆ రెంటి నడుమ నున్న బండిబాట మీదనే గడచినది.

నేను 1963వ సంవత్సరమున జన్మించితిని. బడిలో నాకు అక్షరములు దిద్దించినవారు మా పంతులుగారు. బడి వెలుపల చదువు చెప్పినది మా నాయనమ్మ. ఆమెకు వ్రాయుటయు చదువుటయు రాదు. అయినను అడవిలోని చెట్లను, ఇరుగుపొరుగు వారిని పిలిచినట్లు, పేరు పెట్టి పిలిచెడిది. మద్ది, ఏగిస, తునికి, మొర్రి, రేల, పాలకొడిసె, చిల్ల – ఈ పేరులు నాకు ఎక్కములకంటె ముందుగా వచ్చినవి. మోదుగ పూచినచో ఎండలు ముదురుననియు, రేల పూచినచో బడికి సెలవులు వచ్చుననియు నేను ఎఱుగుదును. పంచాంగము చూచు అవసరము నాకు లేకుండెను.

ఎండకాలము మొదలుకాగానే ఇప్పపూలు రాలెడివి. తెల్లవారుసరికి చెట్టు క్రింద నేలయంతయు లేత పసుపు పరచినట్లుండెడిది. కోయగూడెముల వారును, మా ఊరివారును గంపలతో పోయి ఏఱుకొనెడివారము. ఎలుగుబంటికి ఇప్పపూవు మిక్కిలి ప్రీతి. అందువలన ప్రొద్దు పొడిచిన పిదప గుంపుగా, గట్టిగా మాటలాడుకొనుచు పోవలెనని మా నాయనమ్మ నియమము. చెట్టు మొదట కొన్ని పూలు మిగిల్చి, “దాని పాలు దానికి ఉంచాలిరా” అనెడిది. ఇతరుల పాలు ఇతరులకు ఉంచవలెనను నీతిని నేను తరువాత ఎన్నో పద్యములలో చదివితిని, ఎన్నో తరగతులలో బోధించితిని. కాని మొదట దానిని నేర్చినది ఆ ఇప్పచెట్టు క్రిందనే.

బడి విడిచిన తరువాత మాకు ఇంటి గడప తొక్కు అలవాటు లేదు. చెడుగుడు, కోతికొమ్మచ్చి, గోటీబిళ్ళ, గోళీలు, చెఱువులో ఈతలు – ఇవి ముగియుసరికి చీకటిపడెడిది. మా మోకాళ్ళకు ఒక గాయము మానకమునుపే మఱియొక గాయమయ్యెడిది. ఆ కాలమంతయు బంగారమని నేను చెప్పను. చలిజ్వరము ఏటేట వచ్చెడిది. వైద్యుడు దూరము. తేలు కుట్టిన రాత్రి తెల్లవార్లు ఏడ్చుట నాకు నేటికిని జ్ఞాపకము. ఆ బాధలు తొలగిపోవుట మంచిదే. అయితే బాధలతోపాటు మఱియేమి పోయినదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తెఱ అనునది మాకు క్రొత్త కాదు. నా చిన్ననాట కోతలు ముగిసిన తరువాత డేరా సినిమా వచ్చెడిది. ఊరందఱకు ఒక్కటే తెఱ. చాపలు పఱచుకొని, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని అందఱు చూచెడివారు. తరువాత దూరదర్శనము వచ్చెను. 1987వ సంవత్సరమున ప్రతి ఆదివారము ఉదయమున రామాయణము ప్రసారమగుచుండెడిది. అప్పటికి నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. భద్రాద్రి రాముని కల్యాణమును ఏటేట కన్నులార చూచు మా వారును ఆ పెట్టె యెదుట చేతులు జోడించి కూర్చుండిరి. కాని అది గంటలోపుననే ముగిసెడిది. ముగియగానే పిల్లలు వెదురు బద్దలతో విల్లులు చేసికొని, చెఱువుగట్టుపై తామే రామలక్ష్మణులై ఆడుకొనెడివారు. ఆనాటి తెఱ నలుగురిని ఒకచోట చేర్చెడిది. కొంతసేపటికి తానే ముగిసి వారిని బయటికి పంపెడిది. నేటి అఱచేతి తెఱకు ఈ రెండు గుణములును లేవు. ఒక్కరికొక్కటి, దానికి ముగింపు లేదు.

ఇక నా శిష్యుడొకని కథ చెప్పెదను. అతడు సమీపమునందలి కోయగూడెము బాలుడు. పేరు వ్రాయుట యుక్తము కాదు. 2019లో అతడు ఆఱవ తరగతిలో చేరెను. అప్పుడు నేను ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను. ఏటికొకసారి మేము పిల్లలను అడవికి తీసికొనిపోవుచుండెడివారము. ఆ యేడు మాకు దారి చూపినది ఆ పదునొకండేండ్ల బాలుడే. అతని తల్లిదండ్రులు ఎండకాలమున తునికాకు కోయుదురు. ఏబది ఆకులొక కట్టగా కట్టి కల్లమునకు చేర్చుదురు. ఏ ఆకు లేతది, ఏ ఆకు ముదిరినది, ఏది కట్టకు పనికివచ్చునో అతడు వ్రేళ్ళతో తాకి చెప్పెడివాడు. దూరమున కొమ్మమీద వ్రాలిన పాలపిట్టను అందఱికంటె ముందుగా చూచినది అతడే. నేను రెండు నిమిషములు వెదకిన తరువాత గాని ఆ పక్షి నా కంటబడలేదు.

2020వ సంవత్సరము మార్చి మాసమున కరోనా వ్యాధి కారణమున బడులు మూయబడెను. సెప్టెంబరు 1వ తేదీ నుండి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పాఠములు మొదలయ్యెను. గూడెములలో చాల ఇండ్లకు టెలివిజను లేదు. “అప్పు చేసియైనను ఒక ఫోను కొనుడు, లేనిచో పిల్లవాని చదువు చెడును” అని ఇంటింటికి తిరిగి చెప్పినవాడను నేనే. ఆ బాలుని తండ్రి నా మాటను కాదనలేక, తునికాకు కూలి డబ్బులు పెట్టి ఫోను కొనెను. ఇంటియొద్ద సిగ్నలు అందదు గనుక పిల్లవాడు గట్టుమీదికి పోయి పాఠము వినుచున్నాడని తెలిసి నేను సంతోషించితిని. ఆ సమయమున వేఱు దారి లేదు. నా సలహా తప్పని నేటికిని నేననుకొనను. కాని పాఠము అఱగంటలో ముగియును. ఫోను మాత్రము చేతిలోనే ఉండును. ఆ మిగిలిన దినమంతయు ఏమగునో నేను ఆలోచింపలేదు.

2021 సెప్టెంబరు 1వ తేదీన బడులు మఱల తెఱచిరి. అతడు ఎనిమిదవ తరగతికి వచ్చెను. పొడవైనాడు, మాట తగ్గినది. ఆటల గంటలో గోడ నీడన కూర్చుండెడివాడు. నల్లబల్ల మీద వ్రాసినదానిని తప్పుల తడకగా వ్రాసికొనెడివాడు. ఒకనాడు నేను తరగతిలోనికి పోయి అతని పుస్తకము చూచి, “ఫోను మీదనున్న శ్రద్ధ చదువు మీద లేదు. ఇది నిర్లక్ష్యము గాక మఱేమి?” అని అందఱి యెదుట మందలించితిని. అతడు తల వంచుకొని నిలిచెను. ఏమియు పలుకలేదు.

మఱుసటి మాసమున మా పాఠశాలలో నేత్ర పరీక్ష జరిగెను. ఆ బాలునికి నల్లబల్ల మీది అక్షరములు కనబడుటయే లేదని తేలినది. వైద్యుడు దానిని హ్రస్వదృష్టి యనెను. దగ్గఱ వస్తువులు స్పష్టముగా నుండును, దూరపు వస్తువులు మసకబాఱును. “ముందే ఎందుకు చెప్పలేదురా?” అని అడిగితిని. “అందరికీ అట్లనే కనపడుతుందనుకున్నా సారూ” అనెను. ఆ మాట నన్ను ఈనాటికిని వెంబడించుచునే యున్నది. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నేను, చూడలేనివానిని చూడనివాడని నిందించితిని.

కండ్లజోడు వచ్చిన నాడు అతడు దానిని పెట్టుకొని బడి ముంగిట నిలుచుండెను. ఎదుట నున్న చెట్టు వైపు చాలసేపు చూచెను. “సారూ, ఆకులు విడివిడిగా ఉన్నాయి” అనెను. రెండేండ్లుగా ఆ అడవి బిడ్డకు చెట్టనగా ఒక పచ్చని ముద్ద మాత్రమే!

ఫోను ఒక్కటే దీనికి కారణమని నేను తీర్పు చెప్పజాలను. కంటి దోషము వంశమున వచ్చుటయు కలదు. కాని ఈ విషయమున శాస్త్రజ్ఞులు చేసిన ఒక పరిశోధనను మీరు తెలిసికొనవలెను. చైనా దేశమున గ్వాంగ్జౌ నగరములో 12 పాఠశాలలను ఎన్నుకొని, 2010 నుండి 2013 వఱకు మూడేండ్లు పరిశీలించిరి. సగము బడులలో ఒకటవ తరగతి పిల్లలకు ప్రతిదినము 40 నిమిషములు అదనముగా ఆరుబయట తరగతి నడపిరి. తక్కిన బడులు ఎప్పటివలెనే నడచినవి. మూడేండ్లలో, బయట తిరిగిన బడులలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి రాగా, తక్కిన బడులలో నూటికి 39 మందికి పైగా వచ్చెను. ఈ ఫలితము 2015లో వెల్లడియైనది. ఎండపొడ యందలి వెలుతురు గదిలోని వెలుతురుకంటె పదుల రెట్లు ఎక్కువ. ఆ వెలుతురు కంటి లోపలి పొరయందు డోపమైను అను పదార్థమును పెంచుననియు, అది కంటిగ్రుడ్డు మితిమీఱి సాగకుండ ఆపుననియు శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. మమ్ములను మా పెద్దలు “బయటికి పోయి ఆడుకొండు” అని తఱిమినప్పుడు ఈ సంగతి వారెఱుగరు. ఎఱుగకయే మా కన్నులను కాపాడిరి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మేము పిల్లల బయటి జీవితమును ఫోను దొంగిలించినదని చెప్పుకొనుచున్నాము. నిజముగా దొంగిలించినది ఎవరు? పదవ తరగతి ఫలితములు తగ్గునను భయముతో, ఎన్నో ఏండ్ల క్రిందటనే ఆటల గంటను లెక్కల గంటగా మార్చినవాడను నేను. ఏటికొక్కనాడు తప్ప అడవికి పంపకుండ చేసినవాడను నేను. “ఆటలు కూడు పెట్టునా?” అని పిల్లలను గద్దించినవారు వారి తల్లిదండ్రులు. ఇట్లు మేమందఱము కలిసి ఆ చోటును ఖాళీ చేసి ఉంచితిమి. ఫోను వచ్చి ఆ ఖాళీ చోట కూర్చుండెను. ఇల్లు విడిచిపెట్టి పోయినవాడు, అందులో గబ్బిలములు చేరినవని ఏడ్చుట యేల?

మఱునాడే ఆటల గంటను ఆటలకు తిరిగి ఇచ్చివేసితిని. కొందఱు ఉపాధ్యాయులు సందేహించిరి. వారానికొకమాఱు తుదిగంటలో పిల్లలను అడవి అంచు వఱకు నడిపించుట మొదలుపెట్టితిమి. గూడెములోని పెద్దలు ఒకరో ఇద్దఱో మా వెంట వచ్చెడివారు. మొదటి వారములలో పిల్లలకు విసుగు పుట్టెను. “ఇంకెంత దూరం సారూ?” అని అడుగుచుండిరి. నాలుగైదు వారములు గడచిన తరువాత ఆ ప్రశ్న వినబడలేదు.

ఫోనును నేను తూలనాడుట లేదు. దాని మేలును నేను కన్నులార చూచితిని. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు ఎక్కినప్పుడు, దండోరా వలనను, పరుగెత్తుకొని వచ్చిన మనుష్యుల వలనను మాత్రమే ఊళ్ళకు వార్త చేరెడిది. 2022 జూలై 16వ తేదీన నది 71.3 అడుగులకు వచ్చెను. అప్పుడు 43 అడుగుల మొదటి హెచ్చరిక, 48 అడుగుల రెండవ హెచ్చరిక, 53 అడుగుల మూడవ హెచ్చరిక దాటినదని గడియ గడియకు ఫోనులలో తెలిసినది. అది చిన్న ఉపకారము కాదు. కాని నీరు ముందుగా ఏ వాగునుండి ఊరిలోనికి ఎక్కునో, ఏ గట్టు మునుగక మిగులునో చెప్పినవారు ఊరి పెద్దలే. నీటిమట్టము ఎంతయో తెఱ చెప్పును. మన నేల ఎట్టిదో నడచినవారికి మాత్రమే తెలియును.

నా ఉద్యోగపు తుది యేడున, అనగా 2024 మార్చిలో, ఒక వింత జరిగెను. గోదావరికి దిగువన పాపికొండల జాతీయ వనములో అటవీ అధికారులు ఒక నల్లమద్ది చెట్టు బెరడును కోయగా, నీరు ధారగా వెలువడెను. ఎండకాలమున ఆ చెట్టు మానులో నీరు నిలువయుండునని వారికి చెప్పినవారు అచటి కొండరెడ్లు. ఆ దృశ్యము దేశమంతట ఫోనులలో వ్యాపించెను. మా పిల్లలును దానిని మఱల మఱల చూచి ఆశ్చర్యపడుచుండిరి. నేను వారిని పిలిచి, “ఆ చెట్టును మీలో ఎవరైన చూచితిరా?” అని అడిగితిని. అందఱు లేదనిరి. “ఎక్కడ ఉంటుంది సారూ? చాలా దూరమా?” అని ఒక బాలిక అడిగెను.

నేను వారిని వెంటబెట్టుకొని బడి వెనుకకు నడచితిని. నూఱడుగులు పోవుసరికి ఒక నల్లమద్ది. ప్రతిదినము వారు దాని ప్రక్కనుండియే బడికి వచ్చుచుందురు. కొందఱు దానికి సైకిళ్ళు ఆనించుచుందురు. దాని బెరడు మొసలి తోలువలె పలకలు పలకలుగా చీలియుండును. దసలిపట్టు పురుగు దాని ఆకులను మేయును. వారు లోకము చుట్టి వచ్చిన బొమ్మలో ఆ చెట్టును చూచిరి; నీడలో నిలిచియు చూడలేదు.

అప్పుడు ఆ బాలుడు పదవ తరగతి. అతడు ముందుకు వచ్చి, కండ్లజోడు సరిచేసికొని, బెరడు మీద అఱచేయి ఆనించెను. “మా తాత దీన్ని చూపించాడు సారూ. కానీ కొయ్యనిచ్చేవాడు కాదు. దాహంతో చచ్చిపోయేవాడు తప్ప ఎవరూ కొయ్యొద్దు అనేవాడు” అనెను. పిల్లలందఱు నిశ్శబ్దముగా నిలిచిరి. ఏ ఫోనులోను ఆ మాట లేదు. నీరున్నదని బొమ్మ చెప్పెను. ఎప్పుడు త్రాగవలెనో, ఎప్పుడు త్రాగరాదో ఆ తాత చెప్పెను. బెరడు కోసిన చెట్టునకు గాయమగును. చూచి సంతోషించుటకై దానిని గాయపఱచుట వివేకము కాదు. ఆ తాత అప్పటికి చనిపోయి రెండేండ్లయ్యెను. ఆయన మాట మనుమని నోట మిగిలినది గనుక మాకు దక్కినది. మిగులక పోయిన మాటలెన్నియో ఎవరికి తెలియును?

నేనిప్పుడు ఉద్యోగవిరమణ చేసి మా ఊరనే ఉన్నాను. ఆదివారము ఉదయమున ఏడెనిమిదిమంది పిల్లలు మా ఇంటికి వచ్చుదురు. మేము బండిబాట వెంట నడచుదుము. ఫోనులు మా అరుగు మీద ఉంచి పోవుదుము. తిరిగి వచ్చుసరికి అవి అక్కడనే ఉండును. వాటికేమియు తొందర లేదు. ఆ బాలుడు ఖమ్మములో పై చదువు చదువుచున్నాడు. ఎండకాలపు సెలవులలో వచ్చి తునికాకు కోతలో తల్లిదండ్రులకు తోడ్పడును. నాకు తెలియని మొక్క ఎదురైనపుడు ఇప్పుడు నేనే అతనిని అడుగుదును.

బాలబాలికలారా! ఫోనును గోదావరిలో పాఱవేయుడని నేను చెప్పను. దానివలన చదువుకొనుడు, దూరపు వారితో మాటలాడుడు, లోకమును చూడుడు. కాని దినమున ఒక గంట దానిని విడిచి ఇల్లు వెడలుడు. మీ ఊర అడవి లేకున్నను ఒక చెట్టుండును, ఒక చెఱువుండును, ఒక పొలముగట్టుండును. పేరు తెలియని చెట్టొకటి కనబడినచో దానియొద్ద నిలువుడు. దాని బెరడును తాకుడు. ఆ పేరు ఎఱిగిన పెద్దలు మీ ఇంటనో పొరుగింటనో ఉందురు. వారు ఉన్నపుడే అడిగి తెలిసికొనుడు. ఆ తెఱ రేపును మీ చేతిలోనే ఉండును. ఆ పెద్దలు రేపు ఉందురని ఎవరు చెప్పగలరు?